నీ ఓటు నువ్వుండే చోటికి

ముదిగొండ

అమ్ములూ,

వచ్చే జూలై 1 నాటికి నీకు పద్దెనిమిది నిండుతాయి. నీ పేరు ఇక్కడే, మన ఇంటి నంబరు మీద, మీ అమ్మానాన్నల పేర్ల కింద ఎక్కించాలని మీ నాన్న అనుకుంటున్నాడు. నువ్వేమో హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంజినీరింగు మొదటి ఏడాది చదువుతున్నావు. ఇద్దరూ నా మాట అడిగారు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. నీ ఓటు ముదిగొండలో కాకుండా నువ్వుండే హాస్టల్ చిరునామా మీద నమోదు కావాలి. ఊళ్లో పెద్దవాణ్ణయి ఉండి ఈ మాట అంటున్నందుకు మన వాళ్లలో కొందరికి కష్టం కలగవచ్చు. అందుకే ఎందుకంటున్నానో వివరంగా రాస్తున్నాను. చదివాక నీ నిర్ణయం నువ్వే తీసుకో. ఓటు నీది, ఎక్కడ ఉండాలో చెప్పే హక్కూ నీదే.

ముందు చట్టం సంగతి. ఓటు ఉండటానికి ఊళ్లో ఇల్లుండాలని, పొలముండాలని చట్టంలో ఎక్కడా లేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అడిగేది రెండే: పద్దెనిమిదేళ్లు నిండాలి, ఆ నియోజకవర్గంలో మామూలుగా నివాసం ఉంటూ ఉండాలి. ఒకచోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని అదే చట్టం ఇరవయ్యో సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. కొన్నాళ్లు ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన అక్కడి నివాసం పోయినట్టు కాదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఈ రెండు మాటల మధ్య నలిగేది హాస్టల్ విద్యార్థే. ఏడాదిలో పది నెలలు ఒకచోట ఉంటాడు, పండక్కి, సెలవులకి ఇంకోచోట ఉంటాడు. అందుకే ఎన్నికల సంఘం ఈ ఎంపికను విద్యార్థికే వదిలింది. గుర్తింపు ఉన్న కోర్సు, కనీసం ఏడాది వ్యవధి ఉన్నది చదువుతూ హాస్టల్లో ఉంటే, కావాలంటే తల్లిదండ్రుల ఊళ్లో, కావాలంటే చదివే చోట పేరు నమోదు చేయించుకోవచ్చు. చదివే చోట అయితే ఫారం 6తో పాటు ప్రిన్సిపల్ గానీ రిజిస్ట్రార్ గానీ డైరెక్టర్ గానీ సంతకం చేసిన బోనఫైడ్ సర్టిఫికెట్ జతచేయాలి. ఈ సంగతి తెలిసిన విద్యార్థులు తక్కువ, తెలిసిన తల్లిదండ్రులు ఇంకా తక్కువ. ఓటంటే సొంతూరిదే, వేరే దారి లేదనుకునే చాలామంది ఆగిపోతున్నారు.

ఆగిపోతున్నారని ఊరికే అనడం లేదు. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు దేశం మొత్తం ఓటర్లు దాదాపు 97 కోట్లు. అందులో పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వాళ్లు సుమారు 1.8 కోట్లు. వాళ్లు పుట్టిన కాలంలో మన దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా పిల్లలు పుట్టారు. ఆ రెండేళ్ల వయసు వాళ్లు నాలుగు కోట్లకు తక్కువ ఉండరు. అంటే సగం మందికి పైగా ఓటరు జాబితాలోకే రాలేదు. ఓటు వయసును ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి తగ్గించిన అరవై ఒకటో రాజ్యాంగ సవరణ 1989 మార్చిలో అమల్లోకి వచ్చింది. దశాబ్దాలు గడిచాక కూడా ఆ హక్కు సగం మందికి కాగితం మీదే మిగిలింది. ఇంతకుముందు ఏటా జనవరి 1 ఒక్కటే అర్హత తేదీ. జనవరి 2న పుట్టినవాడు ఇంకో ఏడాది ఆగాల్సి వచ్చేది. 2021లో చట్టాన్ని సవరించారు కాబట్టి ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 నాలుగూ అర్హత తేదీలే. పదిహేడు దాటినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాబట్టి నువ్వు జూలై దాకా ఆగనక్కర్లేదు.

ఇక అసలు లెక్కలోకి వస్తాను. ఓటు ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు మనసు ఎక్కడుందని కాక, పోలింగ్ రోజున మనిషి ఎక్కడుంటుందని చూడాలి. గడువు ప్రకారమైతే మన తెలంగాణ శాసనసభకు ఎన్నికలు 2028 చివర్లో వస్తాయి. అప్పటికి నువ్వు నాలుగో ఏడాదిలో, సెమిస్టర్ పరీక్షల మధ్యనో ఉద్యోగాల ఇంటర్వ్యూల మధ్యనో ఉంటావు. 2029 వేసవిలో లోక్‌సభ ఎన్నికలు వస్తాయి. అది నీ ఆఖరి సెమిస్టర్. పోలింగ్ రోజు సెలవే, కానీ హైదరాబాద్ నుంచి మన ఖమ్మం రెండు వందల కిలోమీటర్ల దూరం. ఆ ముందు రోజు బస్సులో సీటు దొరకాలి, మర్నాడు తిరిగి రావాలి. ఒక్క రోజు సెలవుకు రెండు రోజుల ప్రయాణం. వెళ్లేవాళ్లు వెళతారు, నాకు తెలుసు. 2024 మే 13న హైదరాబాద్ నుంచి ఆంధ్రకు ఎంతమంది వెళ్లారో రోడ్లన్నీ చూశాయి. కానీ వెళ్లలేనివాళ్లు ఎందరో ఎవరికీ కనబడదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ముప్ఫై కోట్ల మందికి పైగా ఓటు వెయ్యలేదని, సొంతూరు వదిలి ఉండటం అందుకు ఒక ముఖ్య కారణమని ఎన్నికల సంఘమే ఒప్పుకుంది. అందుకోసమే ఉన్నచోటి నుంచే సొంతూరికి ఓటు వేసే యంత్రం ఒకటి తయారు చేయించి 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. ఒక్కో యంత్రం 72 నియోజకవర్గాలను చూపించగలదన్నారు. పార్టీలు సందేహాలు లేవనెత్తాయి, అది అక్కడే ఆగిపోయింది. పోస్టల్ బ్యాలెట్ సైనికులకు, ఎన్నికల సిబ్బందికి, ఎనభై అయిదు దాటిన వృద్ధులకు, వికలాంగులకు ఉంది గానీ విద్యార్థులకు లేదు. రేపెప్పుడో వచ్చే సదుపాయం కోసం ఎదురుచూస్తే నీ కాలేజీ నాలుగేళ్లూ ఓటు లేకుండానే గడిచిపోతాయి.

దూరంలో ఇంకో ప్రమాదం ఉంది. దాని గురించి మన ఊళ్లల్లో బాహాటంగా ఎవరూ మాట్లాడరు. ఊళ్లో పేరుండి పట్నంలో ఉండే ఓటర్ల జాబితా ప్రతి పార్టీ కార్యకర్త దగ్గరా ఉంటుంది. ఎన్నికలు దగ్గర పడగానే ఫోన్లు వస్తాయి, ఛార్జీలు పంపిస్తామంటారు, బండి పెడతామంటారు. అభ్యర్థి గానీ అతని ఏజెంటు గానీ ఓటర్లను ఉచితంగా బండి ఎక్కించుకుని పోలింగ్ కేంద్రానికి తేవడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య, ఎన్నికే రద్దు కావచ్చు. అయినా బస్సులు నిండుతూనే ఉంటాయి. పద్దెనిమిదేళ్ల పిల్ల మొదటి ఓటు ఒకరి బండెక్కి వచ్చి వేసిందంటే, ఆ ఓటులో ఎంత ఆమెది, ఎంత బండి పెట్టినవాడిది? నువ్వు లొంగుతావని నా ఉద్దేశం కాదు బిడ్డా. ఎవరి సాయం లేకుండా హాస్టల్ నుంచి నడిచి వెళ్లి వేసి వచ్చే ఓటుకున్న స్వేచ్ఛ వేరు. ఆ వీలు నీకున్నప్పుడు వదులుకోవద్దు.

మీ నాన్న వాదన తీసిపారేసేది కాదు. ఊరి ఓటరు జాబితా నుంచి దూరంగా ఉంటే పంచాయతీలో నీకు మాట ఉండదంటాడు. నిజమే. పంచాయతీ ఓటరు జాబితాను శాసనసభ జాబితా ఆధారంగానే తయారు చేస్తారు. నీ పేరు మొయినాబాద్ ఉన్న చేవెళ్ల నియోజకవర్గంలో ఉంటే ముదిగొండలో సర్పంచికి, వార్డు మెంబరుకు ఓటు వెయ్యలేవు. రేపు ఇరవై ఒకటి నిండి పోటీ చేద్దామన్నా కుదరదు. మండల, జిల్లా పరిషత్ ఎన్నికలు ఈ నాలుగేళ్లలో ఎప్పుడొచ్చినా ఆ ఓటూ పోతుంది. ఈ నష్టాన్ని నేను తక్కువ చేసి చెప్పను. అయితే పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరులోనే మూడు విడతలుగా జరిగిపోయాయి. మామూలుగా అయితే మళ్లీ 2030 చివరికి వస్తాయి. అప్పటికి నీ చదువు ముగుస్తుంది, నువ్వు ఎక్కడ స్థిరపడతావో తేలుతుంది. ఊరికి తిరిగొస్తే ఫారం 8 పెట్టి పేరు ఇక్కడికి మార్పించుకో. జీవితంలో ఎన్నిసార్లు చోటు మారితే అన్నిసార్లు మార్చుకోవచ్చు, ఓటరు కార్డు (ఎపిక్) నంబరు అదే ఉంటుంది. హాస్టల్లో ఓటు పెట్టుకున్నంత మాత్రాన ఊరితో తెగతెంపులు అయినట్టు కాదు. 2007 జూలై 28న ఇళ్ల స్థలాలు, సాగు భూమి అడుగుతూ బంద్ చేస్తున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు నేలకొరిగిన ఊరు మనది. అప్పటికి నువ్వింకా పుట్టనే లేదు. ఆ ఊరి బిడ్డవన్న సంగతి ఏ జాబితాలో పేరున్నా లేకున్నా మారదు. ఆ పోరాటాల గురించి తెలుసుకో, వాటి పక్షాన మాట్లాడు. దానికి పోలింగ్ చీటీ అక్కర్లేదు.

ఇంకో అభ్యంతరం మొయినాబాద్ వైపు నుంచి వస్తుంది. నాలుగేళ్లుండి వెళ్లిపోయేవాళ్లకు మా ఊరి ఎమ్మెల్యేతో పనేమిటని అక్కడివాళ్లు అనవచ్చు. పని ఉంది. నీ కాలేజీకి వచ్చే బస్సు, హాస్టల్ ముందు రాత్రి వెలగని దీపం, నీళ్లు, ఆ రోడ్డు మీద ఆడపిల్లల భద్రత, ఇవన్నీ అక్కడి ప్రతినిధి చేతిలోనివే. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద కాలేజీలు తలుపులు మూస్తామంటే నలిగేది మీరే. ఆ బకాయిల గురించి అసెంబ్లీలో అడగాల్సింది ఎమ్మెల్యేలే. కానీ వేల మంది విద్యార్థులు నివసించే నియోజకవర్గంలో ఆ విద్యార్థుల పేర్లు జాబితాలో లేకపోతే ఎమ్మెల్యేకు వాళ్లు కనిపించరు. సొంతూరి ఎమ్మెల్యే దృష్టికి మొయినాబాద్ బస్సు సమస్య రాదు. ఇలా రెండుచోట్లా లెక్కలోకి రాని మనుషులుగా విద్యార్థులు మిగిలిపోతున్నారు. 2023 నవంబరు 30న జరిగిన ఎన్నికల్లో చేవెళ్లలో గెలుపోటముల తేడా 268 ఓట్లు. మొయినాబాద్ చుట్టూ ఎన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయో నీకు తెలుసు. రెండు మూడు హాస్టళ్లలో ఉండే పిల్లలంత కూడా లేదు ఆ తేడా. అంతకుముందు 2018లో ఆసిఫాబాద్‌లో 171 ఓట్లతో తేలింది. ఒక ఓటుతో ఏమవుతుందనేవాళ్లకు ఈ అంకెలు చూపించు.

తాత్కాలికంగా ఉండేవాళ్లకు ఓటెందుకన్న ప్రశ్న మన దగ్గర మాత్రమే వచ్చింది కాదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం వాలర్ కౌంటీలో ప్రెయిరీ వ్యూ అనే నల్లజాతి విద్యార్థుల విశ్వవిద్యాలయం ఉంది. ఓటు వయసును అక్కడ 1971లో పద్దెనిమిదికి తగ్గించాక, ఆ విద్యార్థులు తామక్కడ స్థిరపడతామని రుజువు చేస్తేనే నమోదు చేస్తామని ఓటర్ల నమోదు అధికారి పట్టుబట్టాడు. మిగతావాళ్లనెవరినీ అడగని ప్రశ్నలన్నీ వాళ్లను అడిగాడు. చివరికి 1979 జనవరిలో ఆ దేశ సుప్రీంకోర్టు విద్యార్థుల పక్షాన నిలిచింది. అద్దెకుండే గుమాస్తాను, బదిలీ మీద వచ్చిన ఉద్యోగిని అడగని ప్రశ్న విద్యార్థిని మాత్రం ఎందుకడగాలి? మన ఎన్నికల సంఘం నిబంధనల్లో అయితే ఈ ప్రశ్నకు తావే లేదు. కాబట్టి అక్కడెవరైనా అడ్డు చెబితే తలొంచుకోకు, బోనఫైడ్ చూపించు.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటి. ఊళ్లో ఒకటి, హాస్టల్లో ఒకటి పెట్టుకుందాం, ఎక్కడ వీలైతే అక్కడ వేద్దామనే మాట నీ స్నేహితుల నోట వింటావు. వద్దు. ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదని 1950 చట్టం 17వ సెక్షన్ చెబుతుంది, రాష్ట్రాలు వేరైనా అదే మాట. తెలిసి తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు, జరిమానా ఉండొచ్చు. ఇది మన పక్కనే భద్రాచలం దగ్గర బాగా అర్థమవుతుంది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయాయి. ఆ ఏప్రిల్ 30న భద్రాచలం ఎమ్మెల్యేకు ఓటు వేసిన ఎటపాక, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మనుషులు ఇప్పుడు రంపచోడవరం ఓటర్లు. ఎటపాక భద్రాచలం పట్టణానికి ఆనుకునే ఉంది. అక్కడి పిల్ల భద్రాచలంలో హాస్టల్లో చదివితే, నాలుగడుగుల దూరంలోనే రెండు రాష్ట్రాలు ఆమెకు ఓటిస్తామంటాయి. ఆమె కూడా ఒక్కదాన్నే ఎంచుకోవాలి. ఆ గిరిజన పల్లెల పిల్లల విషయంలో నా సలహా నీకిచ్చిన దానికి తేడాగా ఉంటుంది. ముంపు, పునరావాసం, అటవీ భూముల పట్టాలు వాళ్ల ఊళ్ల చావుబతుకుల సమస్యలు, ఇల్లు గంట దూరంలోనే ఉంది. వాళ్లు ఓటును ఊళ్లోనే ఉంచుకోవడం మంచిది. ఖమ్మంలో చదువుతూ ముదిగొండకు వారం వారం వచ్చేవాళ్లకూ అదే చెబుతాను. హైదరాబాద్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్లినవాళ్లకు హాస్టల్ వెసులుబాటు వర్తించదు, అది గుర్తింపు ఉన్న కోర్సులకే. వాళ్లు అద్దె గది ఆధారంతో మామూలు నివాసిగా దరఖాస్తు చేయాలి, లేదా ఊళ్లోనే ఉంచుకోవాలి. అమెరికాలో చదివే మన పిల్లలు పాస్‌పోర్టులో ఉన్న చిరునామా మీద ఫారం 6ఏ పెట్టుకోవచ్చు గానీ, పాస్‌పోర్టుతో స్వయంగా వచ్చి వేస్తేనే ఓటు.

పని ఎలా చెయ్యాలో చెబుతాను. నీకింతవరకు ఎక్కడా ఓటు లేదు కాబట్టి నీది ఫారం 6. నీ సీనియర్లకు ఊళ్లో ఓటుంటే వాళ్లు ఫారం 6 ముట్టుకోకూడదు, చిరునామా మార్పుకు ఫారం 8 పెట్టాలి, అప్పుడే పాత చోట పేరు పోతుంది. ఫారం 6ను ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్లో గానీ యాప్‌లో గానీ నింపవచ్చు, కాగితం మీద రాసి బూత్ స్థాయి అధికారికి (బీఎల్వోకు) ఇవ్వవచ్చు. ఏ బూత్ పరిధిలోకి వస్తావో తెలియకపోతే 1950కి ఫోన్ చెయ్యి. వయసుకు నీ పదో తరగతి మెమో చాలు. నివాసానికి బోనఫైడ్, హాస్టల్ గది నంబరుతో సహా చిరునామా రాయించు. గేటు దగ్గర బీఎల్వో వచ్చి అడిగితే నీ పేరు తెలియదని వాచ్‌మన్ చెప్పకుండా వార్డెన్‌కు ముందే చెప్పి ఉంచు. ఇది చిన్న విషయంగా అనిపిస్తుంది గానీ హాస్టల్ దరఖాస్తులు ఇలాంటిచోటే తిరిగొచ్చేస్తాయి. దరఖాస్తు నంబరు రాసిపెట్టుకో. అభ్యంతరాల కోసం వారం రోజులు గడువిస్తారు. పేరు ఎక్కాక కూడా ఏడాదికోసారి జాబితాలో చూసుకుంటూ ఉండు. బీహార్‌లో జాబితాను సమూలంగా సవరించి 2025 ఆగస్టు 1న ముసాయిదా పెట్టినప్పుడు దాదాపు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవాళ్లతో పాటు ఇంట్లో కనబడనివాళ్లు, చోటు మారినవాళ్లు కూడా అందులో ఉన్నారు. అలాంటి సవరణ మన రాష్ట్రానికి ఎప్పుడొచ్చినా ముందు చిక్కులో పడేది ఇంట్లో లేని విద్యార్థులే. నువ్వున్నచోటే నీ పేరుంటే ఆ ఇబ్బంది సగం తగ్గుతుంది. పోలింగ్ రోజున కాలేజీ గుర్తింపు కార్డు పనికిరాదని గుర్తుంచుకో. ఓటరు కార్డు లేకపోతే ఆధార్ గానీ ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ గానీ డ్రైవింగ్ లైసెన్సు గానీ చూపాలి.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. నువ్వు మాత్రం ఈ సెమిస్టర్ ముగిసేలోపు ఆఫీసులో బోనఫైడ్ అడుగు, నీతో పాటు గదిలో పిల్లలనూ తీసుకెళ్లు. అందరూ కలిసి ఒకేసారి అడిగితే ప్రిన్సిపల్ ఒక రోజు పెట్టుకుని సంతకాలు చేసేస్తారు. ఒకవేళ ఓటర్ల నమోదు అధికారి (ఈఆర్వో) దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకో. పదిహేను రోజుల్లోగా జిల్లా స్థాయిలో అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా కాదంటే ముప్ఫై రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రాసుకోవచ్చు. ఆ కాగితాలు నాకు పంపు, అప్పీలు ఎలా రాయాలో కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న